కారులో రిలే: ఆంప్స్ హద్దు దాటకుండా వాడటం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

హారన్ మార్చాలన్నా, ఫాగ్ ల్యాంపులు పెట్టాలన్నా అందరూ వచ్చి ఆగేది రిలే అనే ఒక చిన్న నల్ల డబ్బా దగ్గరే. చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే, విడదీసే స్విచ్ అది. ఎంత కరెంటు మోయగలదో చెబుతూ దాని మీద రాసిన ఆంప్స్ అంకెను ఎంతవరకు నమ్మాలి అన్నదే అందరి సందేహం. ఫోన్లో ఒక్కొక్కరికీ చెప్పే బదులు ఒకచోట రాసి పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గర మొదలుపెట్టండి, ఏ జవాబుకా జవాబు విడిగా అర్థమవుతుంది. అందుకే కొన్ని అంకెలు మళ్లీ మళ్లీ కనబడతాయి. ఇదంతా 12 వోల్టుల కార్ల సంగతి.

## కొనకముందు

అసలు రిలే ఎందుకు? స్విచ్ నుంచే నేరుగా వైరు లాగితే పోదా?

కొన్నాళ్లు పనిచేస్తుంది, తర్వాత స్విచ్ కరుగుతుంది. డ్యాష్‌బోర్డు స్విచ్ లోపలి పాయింట్లు (కలిసి విడిపోయే లోహపు ముక్కలు) చిన్నవి, పది ఆంప్స్ రోజూ మోయడానికి చేసినవి కావు. రిలే కాయిల్‌కు (అయస్కాంతంగా మారి పాయింట్లను లాగే తీగచుట్టకు) మాత్రం సుమారు 0.15 ఆంప్ చాలు, దాన్ని ఏ స్విచ్చయినా మోస్తుంది. అసలు కరెంటు బ్యాటరీ నుంచి రిలే మీదుగా దగ్గరిదారిన లైటుకు పోతుంది.

దగ్గరిదారి అన్న మాట తేలిగ్గా తీసుకోకండి. సన్నని వైరులో బ్యాటరీ నుంచి డ్యాష్‌బోర్డుకూ, అక్కడి నుంచి లైటుకూ తిరిగేసరికి దారిలోనే అర వోల్టు, ముప్పావు వోల్టు పోతుంది. హాలోజన్ బల్బుకు వోల్టేజీ 5 శాతం తగ్గితే వెలుగు ఆరో వంతు దాకా పడిపోతుంది. రిలే పెట్టగానే లైట్లు తెల్లబడ్డాయని సంబరపడేవాళ్లు చూస్తున్నది బల్బు గొప్పతనం కాదు, మిగిలిన ఆ ముప్పావు వోల్టునే.

రిలే మీద 40 ఆంప్స్ అని ఉంది. 40 ఆంప్స్ లోడు (కరెంటు లాగే లైటో, ఫ్యానో) పెట్టేయొచ్చా?

వద్దు. ఆ అంకె పరీక్ష బల్ల మీద తేలినది: చల్లని గది, సరిపడా లావు వైరు, 14 వోల్టులు, పైగా హీటర్ లాంటి నెమ్మదైన లోడు. కారులో ఈ నాలుగూ ఒకేసారి దొరకవు.

రిలే పాయింట్లు దెబ్బతినేది రెండు క్షణాల్లో. కలిసేటప్పుడు మొదటిది. చల్లగా ఉన్న బల్బు ఫిలమెంటుకు నిరోధం చాలా తక్కువ, వెలిగాక ఉండేదానిలో పదో వంతు. అందుకే స్విచ్ వేసిన మొదటి కొన్ని మిల్లీసెకన్లు బల్బు ఆరు నుంచి పది రెట్ల కరెంటు లాగుతుంది. మోటారు కూడా కదలడం మొదలుపెట్టేటప్పుడు మూడు నాలుగు రెట్లు లాగుతుంది. రెండో దెబ్బ విడిపోయేటప్పుడు. మోటారు చుట్టలో నిల్వ ఉన్న శక్తి పాయింట్ల మధ్య నిప్పురవ్వగా బయటపడి లోహాన్ని కొంచెం కొంచెంగా తినేస్తుంది.

నేను పాటించే కొలత ఇది. ఆగకుండా నడిచే లోడు రిలే అంకెలో 60 శాతం దాటకూడదు. మోటారు, హాలోజన్ బల్బు అయితే సగం దగ్గరే ఆగుతాను. 40 ఆంప్స్ రిలేకు 20 ఆంప్స్ ఫ్యాన్ అంటే అతి జాగ్రత్త అని నవ్వే మెకానిక్కులు ఉన్నారు. నవ్వనివ్వండి.

నా రిలే మీద 40/30 అని రెండు అంకెలున్నాయి. ఏది నాది?

రిలే కాళ్లు అంటే వైర్లు తగిలే లోహపు పలకలు, ఒక్కోదానికి ఒక అంకె ఉంటుంది. ఐదు కాళ్ల రిలేలో మామూలప్పుడు విడిగా ఉండి, కాయిల్ లాగినప్పుడు కలిసే పాయింటు 87. మామూలప్పుడే కలిసి ఉండేది 87ఏ. పెద్ద అంకె 87ది, చిన్నది 87ఏది. 87ని అయస్కాంతం గట్టిగా నొక్కి పడుతుంది, 87ఏని పట్టేది ఒక చిన్న స్ప్రింగ్ మాత్రమే. నొక్కుడు తక్కువైతే వేడి ఎక్కువ. కాబట్టి 87ఏ నుంచి లోడు తీస్తుంటే చిన్న అంకెతోనే లెక్క వేయండి.

నాలుగు కాళ్లది దొరక్కపోతే ఐదు కాళ్లది పెట్టొచ్చా?

పెట్టొచ్చు, కానీ డబ్బా పక్కన ముద్రించిన బొమ్మ చూశాకే. ఐదు కాళ్లలో రెండు రకాలున్నాయి. ఒకదానిలో మధ్య కాలు 87ఏ, ఇంకొకదానిలో మధ్య కాలు కూడా 87. రెండూ ఒకే హోల్డరులో (రిలేను గుచ్చే సాకెట్‌లో) దిగిపోతాయి, అదే ప్రమాదం. రెండు 87లున్న చోట 87ఏది గుచ్చితే మధ్య కాలికి బిగించిన లైటు స్విచ్ వేయకుండానే వెలుగుతుంది, వేస్తే ఆరిపోతుంది. రెండు 87లున్న రకంలో అంకె రెంటికీ కలిపి రాసింది. 40 అంటే ఒక్కోదానికి 40 అనుకోకండి.

ఎలక్ట్రానిక్స్ కొట్టులో నీలం రంగు చిన్న రిలే ముప్పై రూపాయలకే ఇస్తున్నారు. దాని మీద 10 ఆంప్స్, 250 వోల్టులు అని కూడా ఉంది. కారుకు చాలదా?

ఆ 250 వోల్టులు ఇంటి కరెంటుకు. ఇంటి కరెంటు సెకనుకు వందసార్లు సున్నాకు వచ్చి పోతుంది, పాయింట్ల మధ్య రవ్వ దానంతటదే ఆరిపోతుంది. బ్యాటరీ కరెంటుకు ఆ సున్నా లేదు, రవ్వ సాగుతుంది. పైగా ఆ రిలే సర్క్యూట్ బోర్డు మీద సోల్డర్ చేసేది, సన్నని కాళ్లది. గుంతల రోడ్డు మీద అదురును, బానెట్ కింద వేడిని దృష్టిలో పెట్టుకొని చేసింది కాదు. కారు లోపల చిన్న ఎల్‌ఈడీ దీపానికి సరే, ఇంజన్ గదిలోకి వద్దు.

లారీ 24 వోల్టుల రిలే ఒకటి ఇంట్లో ఉంది, వాడేయనా?

అది 12 వోల్టులకు లాగదు. లాగినా గట్టిగా పట్టదు. ఎదురు దిక్కులో 12 వోల్టుల రిలేను లారీకి పెడితే కాయిల్‌లో నాలుగు రెట్ల వేడి పుట్టి కాసేపటికి కాలిన వాసన వస్తుంది. కొలవాలంటే 85, 86 కాళ్ల (కాయిల్ రెండు చివరల) మధ్య మల్టీమీటర్ పెట్టండి. 12 వోల్టుల కాయిల్ సాధారణంగా 70 నుంచి 110 ఓమ్‌లు చూపిస్తుంది, 24ది దానికి మూడు నాలుగు రెట్లు.

నకిలీ రిలే, నాసిరకం హోల్డర్ ఎలా పట్టుకోవాలి?

చేతిలో పెట్టుకుంటే బరువే చెబుతుంది. రాగి, ఇనుము తగ్గించకుండా ధర తగ్గదు. కాళ్లు పలచగా ఉన్నా, పక్కన సర్క్యూట్ బొమ్మ లేకపోయినా, కాయిల్ వోల్టేజీ రాయకపోయినా పక్కన పెట్టేయండి.

నన్ను ముంచింది మాత్రం రిలే కాదు, దానితో వచ్చిన హోల్డర్. ఫాగ్ ల్యాంపుల రెడీమేడ్ వైరింగ్ కిట్ ఒకటి కొన్నాను, డబ్బా మీద 40 ఆంప్స్ అని పెద్ద అక్షరాలు. వారం తిరక్కుండా హోల్డర్ గోధుమరంగుకు మారింది. వైరు కోసి చూస్తే పై తొడుగు వేలు లావు, లోపల రాగి పదహారు సన్నని పోగులు. 0.2 మిల్లీమీటర్ల పోగులు 16 అంటే అర స్క్వేర్ ఎంఎం వైరు. 5 ఆంప్స్ మోస్తే గొప్ప. అప్పటినుంచి వైరు కొనేటప్పుడు చివర ఒలిచి పోగులు లెక్కపెడతాను, కొట్టువాడు విసుక్కున్నా సరే. బ్లేడుతో పోగును గీకి కూడా చూడండి. లోపల తెల్లగా కనబడితే అది రాగి పూత పూసిన అల్యూమినియం.

## లెక్క వేసేటప్పుడు

నా లోడు ఎన్ని ఆంప్స్ లాగుతుందో ఎలా తెలుస్తుంది?

వాట్లను 12తో భాగించండి. 55 వాట్ల ఫాగ్ ల్యాంపులు రెండు, మొత్తం 110 వాట్లు, అంటే 9.2 ఆంప్స్. ఇంజన్ నడుస్తున్నప్పుడు వోల్టేజీ 14 దాకా పోతుంది కాబట్టి హాలోజన్ బల్బులు ఇంకో అర ఆంపు పైనే లాగుతాయి. మోటార్లకు ఈ భాగహారం నమ్మకండి, డీసీ (బ్యాటరీ కరెంటు) కొలిచే క్లాంప్ మీటరుతో, అంటే వైరు చుట్టూ పట్టి కరెంటు చూపే మీటరుతో, నడుస్తుండగా చూడాలి. క్లాంప్ మీటర్లలో చాలావరకు ఏసీ (ఇంటి కరెంటు) మాత్రమే చూపిస్తాయి, కొనేముందు అది చూసుకోండి.

హెడ్‌లైట్లకు 100/90 బల్బులు వేస్తున్నాను, ఒక్క రిలే సరిపోతుందా?

100 హై బీమ్ వాట్లు, 90 లో బీమ్‌వి. 100 వాట్లు రెండు అంటే దాదాపు 17 ఆంప్స్. మొదటి క్షణంలో వంద ఆంప్స్ పైకి ఎగరొచ్చు. లో బీమ్‌కు ఒకటి, హై బీమ్‌కు ఒకటి, మంచి 40 ఆంప్స్ రిలేలు వేస్తే రిలే తట్టుకుంటుంది. తట్టుకోనివి వేరే ఉన్నాయి: బల్బు వెనక ప్లాస్టిక్ హోల్డర్, లోపలి రిఫ్లెక్టరు పూత. హెచ్4 అనే ఈ రకం హెడ్‌లైట్ బల్బుకు ఆమోదించిన కొలత 60/55 వాట్లు, 100/90 దానికి బయటిది. ఎదుటివాడి కళ్లలో కొట్టడం అటుంచి, రిఫ్లెక్టరు మాడిపోయాక వెలుగు మునుపటికంటే తగ్గుతుంది. నన్నడిగితే 60/55 ఉంచుకొని రిలే మాత్రం వేయించండి.

డబుల్ టోన్ హారన్‌కు ఎంతది వేయాలి?

ఒక్కో హారన్ 4 నుంచి 5 ఆంప్స్, రెండూ కలిసి 10 లోపు. నొక్కి వదిలే లోడు కాబట్టి 30 ఆంప్స్ రిలే హాయిగా మోస్తుంది. 15 ఆంప్స్ ఫ్యూజు వేయండి. చాలా కార్లలో స్టీరింగ్ మీది హారన్ బటన్ ప్లస్‌ను కాదు, ఎర్త్‌ను (బ్యాటరీ మైనస్ కలిసిన కారు బాడీని) కలుపుతుంది. అలాంటప్పుడు 86కు ఫ్యూజు మీదుగా బ్యాటరీ ప్లస్, 85కు బటన్ వైరు.

రేడియేటర్ ఫ్యాన్ రిలే మాటిమాటికీ పోతోంది. పెద్దది వేస్తే తీరుతుందా?

ముందు ఫ్యాన్ ఎంత లాగుతోందో చూడండి. బేరింగు అరిగి బిగుసుకున్న మోటారు మామూలుకంటే చాలా ఎక్కువ లాగుతుంది, పూర్తిగా పట్టేస్తే మొదలుపెట్టేటప్పటి కరెంటే ఆగకుండా ప్రవహిస్తుంది. అప్పుడు 70 ఆంప్స్ రిలే వేస్తే రిలే బతుకుతుంది, వైరు కాలుతుంది. ఇంజన్ ఆపి, ఫ్యూజు తీసి, రెక్కలను వేలితో తిప్పండి. రెండు మూడు చుట్లు తేలిగ్గా తిరిగితే మోటారు మంచిదే, అప్పుడు హోల్డర్ కాళ్లు వదులయ్యాయేమో చూడాలి.

ఎల్‌ఈడీ లైట్ బార్‌కు రిలే అక్కరలేదంటారు, నిజమా?

దాని మీద ఆధారపడుతుంది. 120 వాట్ల బార్ అంటే 10 ఆంప్స్, రిలే ఉండాలి. 18 వాట్ల చిన్న దీపాలు రెండు అంటే 3 ఆంప్స్, మంచి స్విచ్ చాలు. ఒక తిరకాసు ఉంది. హాలోజన్ బల్బు వోల్టేజీ తగ్గితే కరెంటు తక్కువ లాగుతుంది. డ్రైవర్ సర్క్యూట్ ఉన్న ఎల్‌ఈడీ మాత్రం వెలుగు నిలబెట్టడానికి ఇంకా ఎక్కువ లాగుతుంది. సన్నని వైరుతో దానికి మేలు జరగదు.

కారులో 1000 వాట్ల ఇన్వర్టర్ పెట్టుకుంటాను, ఏ రిలే?

1000ని 12తో భాగిస్తే 83, ఇన్వర్టర్ సొంత నష్టం కలిపితే వంద ఆంప్స్ దగ్గర. ఈ నల్ల డబ్బాల్లో పెద్దదైన 70 ఆంప్స్‌ది కూడా దీనికి తగదు. ఆగకుండా 200 ఆంప్స్ మోసే కాంటాక్టర్ (పెద్ద రిలే), లగ్గులు (బోల్టుకు బిగించే చివరలు) నొక్కి క్రింప్ చేసిన వెల్డింగ్ కేబుల్ లాంటి లావు తీగ, బ్యాటరీ పక్కనే బోల్టు ఫ్యూజు కావాలి. చిన్న కారు ఆల్టర్నేటర్ (ఇంజన్‌తో తిరిగి కరెంటు తయారుచేసేది) సాధారణంగా ఇచ్చేది 60 నుంచి 90 ఆంప్స్ అని కూడా గుర్తుంచుకోండి. ఇన్వర్టర్‌కు తన స్విచ్ తనకు ఉంటుంది కాబట్టి చాలాసార్లు రిలే అవసరమే రాదు.

రెండు 40 ఆంప్స్ రిలేలు పక్కపక్కన కలిపితే 80 అవుతుందా?

అవ్వదు. రెండూ ఒకే క్షణంలో కలవవు. ముందు కలిసినదాని మీద మొత్తం దెబ్బ పడుతుంది, చివర విడిపోయినదాని మీద మొత్తం రవ్వ పడుతుంది. ఒకటి అతుక్కుపోయినా మీకు తెలియదు. లోడునే రెండుగా విడగొట్టి, ఎడమ లైటుకు ఒక రిలే, కుడి లైటుకు ఒక రిలే, విడివిడి ఫ్యూజులతో వేయండి. ఒకటి పోయినా రాత్రి ఇల్లు చేరతారు.

ఫ్యూజు ఎంత? వైరు ఎంత లావు?

లోడును 0.8తో భాగించి, పైనున్న ఫ్యూజు తీసుకోండి. 10 ఆంప్స్ లోడుకు 12.5 వస్తుంది, కాబట్టి 15, నీలం రంగుది. ఆ ఫ్యూజు అంకె వైరు, హోల్డర్, రిలే మూడింటిలో బలహీనమైన దానికంటే ఎక్కువ కాకూడదు. ఎక్కువైతే ఫ్యూజు కంటే ముందు ఆ బలహీనమైనది కాలుతుంది.

వైర్లకు నేను వాడే కొలతలు, ఫ్యూజు అంకెను బట్టి: 10 ఆంప్స్ దాకా 1 స్క్వేర్ ఎంఎం, 15 దాకా 1.5, 20 దాకా 2.5, 30 దాకా 4. ఇవి కాలకుండా ఉండటానికి. వోల్టేజీ పడిపోకుండా ఉండాలంటే ఒక మెట్టు పైది తీసుకోండి. 10 ఆంప్స్ మోస్తూ 3 మీటర్లు పోయే 1 స్క్వేర్ ఎంఎం వైరు అర వోల్టు తినేస్తుంది, 2.5 అయితే 0.2 వోల్టు.

## బిగించేటప్పుడు

85, 86, 30, 87: ఏది దేనికి?

30కి బ్యాటరీ ప్లస్, ఫ్యూజు మీదుగా. 87 నుంచి లోడుకు. 86కు స్విచ్ నుంచి వచ్చే ప్లస్, 85కు ఎర్త్. లోపల డయోడు (కరెంటును ఒకే దిక్కున పోనిచ్చేది) లేని రిలేలో 85, 86 తారుమారైనా పనిచేస్తుంది. ఎర్త్‌ను పెయింటు గీకిన బాడీ బోల్టుకే బిగించండి, రంగు మీద బిగించి లైటు మసకగా ఉందని బల్బును తిట్టినవాళ్లను చూశాను.

ఫ్యూజు రిలే పక్కన పెడితే చాలదా?

చాలదు. ఫ్యూజు బ్యాటరీ ప్లస్‌కు జానెడు దూరంలో ఉండాలి. బ్యాటరీకీ ఫ్యూజుకీ మధ్య ఉన్న వైరుకు ఏ రక్షణా లేదు. అది ఎక్కడో ఇనుప అంచుకు రాసుకొని అరిగిందంటే వందల ఆంప్స్ పారుతాయి, ఆపేది ఏదీ ఉండదు.

రిలేను ఎక్కడ బిగించాలి?

ఎగ్జాస్టుకు, రేడియేటర్‌కు దూరంగా, కాళ్లు కిందికి ఉండేలా. కాళ్లు పైకి ఉంటే వాన నీరు, వాషింగ్ నీరు హోల్డరులో నిలిచి పచ్చగా చిలుము పడుతుంది. వేడి సంగతి ఇంకా గట్టిది. రాగి కాయిల్ 20 డిగ్రీల నుంచి 85 డిగ్రీలకు వేడెక్కితే నిరోధం నాలుగో వంతు పెరుగుతుంది. చల్లగా ఉన్నప్పుడు ఏడు వోల్టులకు లాగిన రిలే అప్పుడు దాదాపు తొమ్మిది అడుగుతుంది. మే నెలలో రామగుండంలో ట్రాఫిక్‌లో ఆగిన కారు బానెట్ కింద ఆ 85 పెద్ద లెక్క కాదు.

కాయిల్‌కు డయోడు పెట్టాలంటున్నారు, తప్పనిసరా?

పాత కారులో మామూలు స్విచ్ నుంచి నడిపిస్తే అంత అవసరం లేదు. ఎలక్ట్రానిక్ యూనిట్ నుంచి నడిపిస్తే తప్పనిసరి. కాయిల్ ఆపిన క్షణంలో వంద వోల్టులు దాటే ఎదురుదెబ్బ పుడుతుంది, అది యూనిట్‌లోని ట్రాన్సిస్టర్‌ను చంపుతుంది. లోపలే రెసిస్టరు ఉన్న రిలే కొనడం సులువైన దారి, దానికి ప్లస్ మైనస్ తేడా లేదు. డయోడు ఉన్నదైతే బొమ్మ చూసి ప్లస్ ఎటో తెలుసుకోండి. తిప్పి పెడితే నేరుగా షార్ట్.

కొత్త కారులో హెడ్‌లైట్ వైరు నుంచి రిలేకు సిగ్నల్ తీసుకుంటే టరటరలాడుతోంది, ఎందుకు?

కొత్త కార్లలో బాడీ కంట్రోల్ యూనిట్ లైట్లకు కరెంటును సెకనుకు వందసార్లో ఇంకా ఎక్కువో ఆపి ఆపి పంపవచ్చు. బల్బుకు తేడా తెలియదు, రిలే మాత్రం దాన్ని అనుసరించబోయి వణుకుతుంది, పాయింట్లు గంటల్లో పాడవుతాయి. ఇలాంటి కార్లకు తగిన కిట్‌తోనే చేయించండి. వారంటీ ఉంటే ముందు సర్వీస్ సెంటర్‌ను అడగండి.

## వాడుతున్నప్పుడు, చెడినప్పుడు

రిలే ముట్టుకుంటే వేడిగా ఉంది. మామూలేనా?

గోరువెచ్చగా ఉండటం మామూలే, కాయిలే రెండు వాట్లు తింటుంది. వేలు నిలవనంత వేడి మామూలు కాదు. లోడు నడుస్తుండగా మల్టీమీటర్‌ను 30, 87 మధ్య పెట్టండి. 0.1 వోల్టు లోపు ఉంటే పాయింట్లు బాగున్నాయి. 0.3 దాటితే రిలే మార్చండి. 20 ఆంప్స్ దగ్గర 0.3 వోల్టు అంటే 6 వాట్లు ఆ అగ్గిపెట్టెంత డబ్బాలోనే కాలుతున్నాయని అర్థం. రిలే బాగుండి కాలు వేడెక్కుతుంటే తప్పు హోల్డరుది.

స్విచ్ ఆపినా లైటు ఆరడం లేదు. రిలేను తట్టితే ఆరుతోంది.

పాయింట్లు అతుక్కున్నాయి. తట్టి వాడుకోకండి, ఈసారి తట్టినా విడిపోదు. కొత్తది వేసేముందు లోడు ఎంతో కొలవండి, ఊరికే అతుక్కోదు.

పాయింట్లను గరుకు కాగితంతో రుద్ది మళ్లీ వాడొచ్చా?

దారిలో ఆగిపోతే ఇంటికి చేరడానికి వాడండి. పాయింట్ల మీద ఉండేది వెండి మిశ్రమపు పలచని పొర. రుద్దితే నలుపుతో పాటు అదీ పోతుంది.

రాత్రి ఆపిన కారు నాలుగైదు రోజులకు స్టార్ట్ అవ్వట్లేదు. రిలే పెట్టించాకే ఇలా అయింది.

కాయిల్‌కు కీతో సంబంధం లేని ప్లస్ ఇచ్చి ఉంటారు, స్విచ్ ఆపడం మరిచి ఉంటారు. లోడు తన స్విచ్‌తో ఆగి ఉన్నా కాయిల్ ఒక్కటే లాగే 0.15 ఆంప్ అంటే రోజుకు 3.6 ఆంపియర్ అవర్లు. 35 ఆంపియర్ అవర్ల చిన్న బ్యాటరీ అయిదు రోజుల్లో సగం ఖాళీ. కాయిల్ ప్లస్‌ను ఇగ్నిషన్ లైను నుంచి తీసుకోండి.

15 ఫ్యూజు పోతోంది, 30 వేస్తే ఆగింది. ఉంచేయనా?

తీసేయండి, ఇప్పుడే. 15కు సరిపడా వేసిన వైరులో ఇప్పుడు 30 దాకా పారినా ఆపేవాళ్లు లేరు. ఫ్యూజు పోయేది లోడు వైపు వైరు ఎక్కడో రాసుకున్నప్పుడు, లేదా మోటారు బిగుసుకున్నప్పుడు. లోడు దగ్గర వైరు పీకి కొత్త 15 ఫ్యూజు వేసి చూడండి. నిలిస్తే తప్పు లోడులో ఉంది, పోతే రిలేకూ లోడుకూ మధ్య వైరులో.

ఎలక్ట్రిక్ కారులోనూ ఇవే రిలేలు వాడొచ్చా?

ఎలక్ట్రిక్ కారులో కూడా 12 వోల్టుల చిన్న బ్యాటరీ వేరే ఉంటుంది. హారన్, లైట్లు దాని మీదే, అక్కడ ఈ రిలేలే. నారింజ రంగు కేబుళ్లు కనబడిన చోట మాత్రం చేయి పెట్టకండి. వాటిలో ఉండేది సాధారణంగా మూడు నాలుగు వందల వోల్టుల డీసీ. ఈ నల్ల డబ్బా అక్కడ రవ్వను ఆపలేదు, మీరు ఆ కేబుల్ తాకితే బతకడం కష్టం.